సర్కారీ భూమిలో బంగారు గని హక్కు: అది కొనదగిన వస్తువేనా?

హైదరాబాదు నగరానికి దక్షిణాన, బెంగుళూరు రహదారి మీద ఉన్న శంషాబాద్ ఒకప్పుడు మెట్టచేలు, బండరాళ్ళ గుట్టలు, మేకలు మేసే కంచెలు గల ప్రాంతం. 2008 మార్చిలో సుమారు 5,500 ఎకరాలలో అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైన తరువాత ఇక్కడ ఎకరాల లెక్క పోయి గజాల లెక్క వచ్చింది. భూమికి ధర పెరిగిన చోట భూమి మీద ఉన్న హక్కులే కాక, లేని హక్కులు కూడా అమ్మకానికి వస్తాయి. పట్టా భూమి ఏది, లావుణి పట్టా ఏది, వక్ఫ్ భూమి ఏది, సర్కారీ కంచె ఏది అన్న భేదం తెలియక, పరాయి దేశంలో ఏళ్ళ తరబడి చెమటోడ్చి సంపాదించిన సొమ్మును ఒక్క సంతకంతో పోగొట్టుకునే ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది.

ఈ వ్యాసంలో అటువంటి ఒక హక్కును గురించి పరిశీలిద్దాము. "ఫలానా సర్కారీ గుట్టలో బంగారం ఉంది. వెతికి తవ్వుకునే హక్కు మాకు వచ్చింది. కొంత సొమ్ము ఇచ్చిన యెడల అందులో ఒక ముక్క మీ పేర రాసిస్తాము" అని ఎవరైనా వస్తే ఏమి సమాధానం చెప్పాలి? ఇందులో మూడు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. ఆ నేలలో బంగారం ఉండే అవకాశం ఉన్నదా? ఉంటే అది ఎవరిది? అమ్మేవాడు మన చేతికి ఇవ్వగలిగినది ఏమిటి? ఈ మూడింటికీ విడివిడిగా జవాబు వెతకకుండా బేరానికి దిగడం వివేకం కాదు.

'క్లెయిము' అన్న మాట ఎక్కడిది?

ముందుగా ఈ ఆలోచన ఎక్కడి నుండి వచ్చిందో తెలుసుకోవాలి. ప్రభుత్వ భూమిలో ఒక చిన్న ముక్కను గుర్తించి, బంగారం తవ్వుకునే హక్కును తన పేర నమోదు చేసుకుని, దానిని మరొకరికి అమ్ముకునే పద్ధతి అమెరికాలో కలదు. దానినే అక్కడ 'క్లెయిము' అంటారు. మనవారు అనేకులు ఆ దేశంలో స్థిరపడి ఉన్నందున ఈ మాట మన ఇళ్ళలోకి కూడా వచ్చింది.

1848లో కాలిఫోర్నియాలో బంగారం కనబడినప్పుడు అక్కడికి పరుగెత్తిన జనం తమలో తాము ఏర్పరచుకున్న కట్టుబాట్లే కాలక్రమంలో చట్టమైనాయి. 1872 మే 10న వచ్చిన ఆ చట్టం ప్రకారం రాతి సిరలో ఉన్న ఖనిజానికైతే 1,500 అడుగుల పొడవు, 600 అడుగుల వెడల్పు వరకు ఒక క్లెయిము. ఇసుక, గులకరాళ్ళలో కలిసి ఉన్న బంగారానికైతే ఒక్కొక్కరికి 20 ఎకరాలు. నాలుగు మూలలా గుర్తులు పాతాలి, ప్రభుత్వ దఫ్తరులో నమోదు చేయించాలి, ఏటేటా రుసుము చెల్లించాలి లేదా పని చేసి చూపాలి.

అయితే అక్కడ కూడా కొన్నవారికి భూమి సొంతం కాదు. ఖనిజం మీద హక్కు మాత్రమే వస్తుంది. నేల ప్రభుత్వానిదే. క్లెయిమును పూర్తి పట్టాగా మార్చుకునే దరఖాస్తులను తీసుకోవడం 1994 నుండి ఆపివేశారు. అంతేకాదు, ఆ చోట నిజంగా ఖనిజం కనబడి ఉంటేనే క్లెయిము చెల్లుతుంది. అమ్మినవాడికి ఏ మేరకు హక్కు ఉన్నదో ఆ మేరకే కొన్నవాడికి సంక్రమిస్తుంది. అతనికి ఏమీ లేకపోతే ఇతనికీ ఏమీ రాదు. ఆ దేశంలోనే ఇన్ని షరతులు ఉన్న ఈ పద్ధతికి మన దేశంలో చట్టపరమైన స్థానమే లేదు. దీనిని ముందు ముందు వివరిస్తాము.

శంషాబాద్ నేలలో ఏమున్నది?

హైదరాబాదు, శంషాబాద్ ప్రాంతమంతా అతి పురాతనమైన గ్రానైటు శిల. సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. మన గుట్టల మీద ఒకదానిపై ఒకటి పేర్చినట్లు కనిపించే బండలు ఆ శిల అరిగిపోగా మిగిలినవే. దక్షిణ భారతంలో బంగారం దొరికినది సాధారణంగా ఈ గ్రానైటులో కాదు. ఆ గ్రానైటు మధ్య సన్నని పట్టీల వలె సాగిన నల్లని, పొరలు పొరలుగా ఉండే మరొక రకం శిలలలో. కోలారు, హట్టి, అనంతపురం ప్రాంతపు రామగిరి, కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలోని జొన్నగిరి, ఇవన్నీ అటువంటి పట్టీల మీద ఉన్నవే.

మరి మన మట్టిలో తళతళ మెరిసేది ఏమిటి? అది అభ్రకం. గ్రానైటులో ఉండే నల్లని అభ్రకపు రేకులు ఎండకు వానకు చివికినప్పుడు పసుపు వన్నెకు తిరుగుతాయి. మన పెద్దలు దానికి 'కాకిబంగారం' అని పేరు పెట్టి ఊరుకోవడంలో ఎంతో అనుభవం ఉన్నది. గోటితో నొక్కితే కాకిబంగారం రేకులుగా విడిపోతుంది. అసలు బంగారం విడిపోదు, వంగుతుంది. నీటిలో వేసి తిప్పితే అభ్రకం తేలిపోతుంది, బంగారం అడుగున నిలుస్తుంది.

పైగా నిజమైన గనిలో బంగారం చాలావరకు కంటికి కనబడదు. టన్ను రాతిలో రెండు మూడు గ్రాములు ఉన్నా గని నడుస్తుంది. టన్నుకు మూడు గ్రాముల లెక్కన ఒక్క తులం బంగారం రావాలంటే, ఏమీ వృథా పోదనుకున్నా, దాదాపు నాలుగు టన్నుల రాయి తవ్వి, పిండి చేసి, రసాయనాలతో కడగాలి. పలుగు, పార, జల్లెడ ఉన్న మనిషికి ఇది సాధ్యమయ్యే పని కాదు. కావున "చిన్న ముక్క కొనుక్కుని నలుగురు కూలీలను పెట్టుకోండి" అనే మాట విన్నప్పుడు ఈ లెక్కను ముందు వేసుకోవాలి.

రెండు పాత అనుభవాలు

వెతికే హక్కు చేతులు మారిన చరిత్ర మన పొరుగునా, మన నగరంలోనూ కలదు. రెండింటినీ తెలుసుకోవడం అవసరం.

మొదటిది కోలారు. మైఖేల్ లావెల్ అనే ఐరిష్ మాజీ సైనికుడు మైసూరు సంస్థానంలో గనులు వెతికే హక్కు కోసం 1873లో దరఖాస్తు పెట్టుకుని, ఇరవై ఏళ్ళ కాలానికి దానిని పొందాడు. అయితే పని నడిపే పెట్టుబడి అతని వద్ద లేదు. 1877 నాటికి ఆ హక్కు మద్రాసులోని కొందరు సైనికాధికారుల బృందానికి చేరింది. 1880లో జాన్ టేలర్ సంస్థ వచ్చింది. ఆ తరువాత కూడా డబ్బు నీళ్ళలా ఖర్చై, మూసివేసే దశలో లోతుగా తవ్వితే గాని అసలు సిర దొరకలేదు. అక్కడి నుండి 2001 వరకు 800 టన్నులకు పైగా బంగారం వచ్చింది. గని మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు పోయింది. తెలుగు, తమిళ ప్రాంతాల నుండి వెళ్ళిన వేలాది కూలీలు ఆ చీకట్లో పనిచేశారు. గని మూతపడినప్పుడు వారి సంతతికి మిగిలినవి ఇరుకు ఇళ్ళు, గని వ్యర్థాల దిబ్బలు. హక్కును కనుగొన్నవాడు ఒకడు, లాభం పొందినవాడు మరొకడు, శ్రమ పడినవాడు వేరొకడు అన్నది ఇక్కడి పాఠం.

రెండవది మన హైదరాబాదుది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో, రాజ్యంలోని ఖనిజాల మీద హక్కును వాట్సన్, స్టీవర్ట్ అనే ఇద్దరికి 99 ఏళ్ళకు ఇచ్చారు. ఆ కాగితం ఆధారంగా లండనులో పది లక్షల పౌండ్ల మూలధనంతో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ ఏర్పడింది. అయితే ఆ వాటాలలో అధికభాగం రొక్కం చెల్లించకుండానే హక్కుదారుల చేతికి పోయాయి. ఒప్పందం కుదర్చడంలో ముఖ్యపాత్ర వహించిన సర్దార్ దిలేర్ జంగ్ బిరుదు గల అబ్దుల్ హక్, తన చేతిలోని వాటాలను తాను కొలువు చేస్తున్న ప్రభుత్వానికే అధిక ధరకు అంటగట్టాడని బయటపడింది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు దిగువసభ ప్రత్యేక సంఘం వేసి విచారణ జరిపింది. అబ్దుల్ హక్ పదవి పోయింది.

గమనించవలసినది ఏమంటే, ఈ వ్యవహారంలో లాభం పుట్టింది గనిలో నుండి కాదు, కాగితంలో నుండి. ఒక్క తట్ట మట్టి ఎత్తకముందే హక్కు పత్రం విలువను పెంచి చేతులు మార్చారు. ఆ కంపెనీ తరువాత సింగరేణి బొగ్గును, రాయచూరు జిల్లాలోని హట్టి బంగారాన్ని తవ్విన మాట వాస్తవమే. హట్టిలో పూర్వులు నిప్పుతో రాతిని కాల్చి పగులగొట్టి 600 అడుగులకు మించిన లోతుకు దిగిన ఆనవాళ్ళు దొరికాయి. అక్కడ 1920 ప్రాంతంలో ఆగిన పని 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ పేరుతో ఏర్పడిన సంస్థ ద్వారా తిరిగి సాగింది. 1956లో రాయచూరు మైసూరు రాష్ట్రంలో కలిసిన పిదప అది హట్టి గోల్డ్ మైన్స్ అయింది. గని ప్రజల సొత్తుగా నిలిచినప్పుడే దీర్ఘకాలం నడిచింది.

ధర్మశాస్త్రవేత్తల పరిశీలన

భూమిలోని సంపద ఎవరిది అన్న ప్రశ్నను ఇస్లామీయ ధర్మశాస్త్రవేత్తలు తొలి శతాబ్దాలలోనే లోతుగా చర్చించారు. ముందుగా వారు రెండింటిని వేరు చేశారు. భూమిలో సహజంగా పుట్టిన ఖనిజం 'మఅదిన్'. మనుషులు పూడ్చిపెట్టిన సొత్తు 'కన్జ్', అనగా మన గ్రామాలలో గుప్తనిధి అని, హైదరాబాదు ఉర్దూలో దఫీనా అని అనేది. హదీసులో అయిదవ వంతు విధించబడిన 'రికాజ్' ఈ రెండింటికీ వర్తిస్తుందని హనఫీ పండితులు, పూడ్చిన నిధికే వర్తిస్తుందని మాలికీ, షాఫయీ పండితులు భావించారు. అందుచేత గని నుండి వచ్చిన బంగారం మీద మొదటివారు అయిదవ వంతు, రెండవవారు సాధారణంగా నలభయ్యవ వంతు ప్రజల ఖజానాకు చెల్లించాలన్నారు. వంతు ఎంత అన్నదానిలో భేదమే గాని, ప్రజలకు వంతు ఉన్నదన్న విషయంలో భేదం లేదు.

ఇక హక్కు ఇవ్వడం గురించి రెండు సంఘటనలు ఆధారంగా నిలిచాయి. దైవప్రవక్త (స) బిలాల్ బిన్ హారిస్ ముజనీ (రజి)కి ఖబలియ్యా ప్రాంతపు గనులను ఇచ్చారు. అదే విధంగా అబ్యజ్ బిన్ హమ్మాల్ (రజి) యెమెన్ లోని మారిబ్ ఉప్పును కోరగా ఇచ్చారు. కాని అది ఎడతెగని నీటి ఊట వలె ఎవరికైనా చేతికి అందే వస్తువని సభలో ఒకరు తెలియజేయగా, ఆ కేటాయింపును వెనక్కు తీసుకున్నారు. శ్రమ లేకుండా అందరికీ అందేదానిని ఒక్కరికి కట్టబెట్టరాదన్న సూత్రాన్ని పండితులు దీని నుండి గ్రహించారు.

క్రీ.శ. 1058లో మరణించిన మావర్దీ తన పరిపాలనా ధర్మశాస్త్ర గ్రంథంలో గనులను రెండు తరగతులు చేశాడు. ఉప్పు, తారు వలె పైకి కనబడేవి ఒకటి. బంగారం, వెండి, రాగి, ఇనుము వలె తవ్వి, శుద్ధి చేసి తీయవలసినవి రెండు. మొదటివి ఎవరికీ ప్రత్యేకంగా ఇవ్వరాదు. రెండవ తరగతి గనులను ఇవ్వవచ్చునన్న వారిలో మళ్ళీ రెండు అభిప్రాయాలు ఉన్నాయని ఆయన తెలిపాడు. ఒక అభిప్రాయం ప్రకారం పొందినవాడు దానికి యజమాని అవుతాడు, అమ్ముకోవచ్చు, వారసులకు పోతుంది. రెండవ అభిప్రాయం ప్రకారం అతనికి పని చేసుకునే అనుమతి మాత్రమే ఉన్నది. పని మానితే హక్కు పోతుంది, దానిని అమ్మడానికి వీలు లేదు. ఈ వ్యాసానికి శీర్షికగా పెట్టిన ప్రశ్నను వారు వెయ్యేళ్ళ క్రితమే ఇంత స్పష్టంగా వేసుకున్నారు.

శ్రమకు, హక్కుకు గల సంబంధాన్ని హజ్రత్ ఉమర్ (రజి) నిర్ణయం మరింత విశదం చేస్తుంది. పైన చెప్పిన బిలాల్ కే ఇవ్వబడిన అఖీఖ్ లోయ భూమిలో ఆయన సాగు చేయగలిగినంత ఉంచుకుని, తక్కినది ప్రజలకు విడవాలని ఆదేశించారు. బంజరు భూమి చుట్టూ రాళ్ళు పెట్టి ఊరుకున్నవానికి మూడేళ్ళ తరువాత హక్కు ఉండదన్న నియమం కూడా ఆయన పేరనే ప్రసిద్ధం.

కొనుగోలు విషయంలో 'గరర్' అన్న సూత్రం కలదు. వస్తువు ఉన్నదో లేదో, ఎంత ఉన్నదో తెలియని బేరం నిషిద్ధం. సముద్రంలో మునిగేవాడు ఒక్క మునకలో ఏది తెస్తే అది నీకు అని ముందుగా ధర కట్టి అమ్మడం ఇందుకు ఉదాహరణగా చెప్పబడింది. నేల అడుగున ఎంత ఉన్నదో తెలియని బంగారానికి ధర కట్టి అమ్మడం ఆ మునకకు ఎంత దగ్గరగా ఉన్నదో పాఠకులు గ్రహించగలరు. దీనిని శ్రమకూలితో గాని, లాభనష్టాలు ఇద్దరూ పంచుకునే భాగస్వామ్యంతో గాని పోల్చకూడదు. భాగస్వామ్యంలో ఇద్దరూ నష్టపోతారు. ఈ బేరంలో అమ్మినవాడు ముందే బయటపడతాడు.

నేటి చట్టం

మన దేశంలో బంగారం 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం కిందికి వస్తుంది. అందులోని 4వ సెక్షను ప్రకారం అనుమతి పత్రం లేకుండా ఎవరూ బంగారం కోసం అన్వేషణ గాని, తవ్వకం గాని చేయరాదు. 2015 జనవరిలో వచ్చిన సవరణతో ఈ హక్కులు వేలం ద్వారానే ఇవ్వాలన్న నియమం వచ్చింది. 2023 సవరణ బంగారం సహా 29 ఖనిజాలకు కొత్తగా అన్వేషణ లైసెన్సును ప్రవేశపెట్టింది. అది కూడా వేలంలోనే లభిస్తుంది. చదరపు కిలోమీటర్ల లెక్కన సాగే ఆ అన్వేషణలో గుట్ట మీద నాలుగు గుంటల ముక్కకు చోటు లేదు. వేలంలో పొందిన హక్కును మరొకరికి బదిలీ చేయడానికి చట్టంలో మార్గం ఉన్నది గాని, అది రాష్ట్ర ప్రభుత్వ ఆమోదంతో జరగవలసినదే. స్టాంపు కాగితం మీద ఇద్దరు సాక్షులతో రాసుకునేది బదిలీ కానేరదు.

అనుమతి లేకుండా తవ్విన యెడల 21వ సెక్షను కింద అయిదేళ్ళ వరకు జైలు, హెక్టారుకు అయిదు లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఇక్కడ ఒక విషయం మరువరాదు. సొమ్ము తీసుకున్నవాడు వెళ్ళిపోతాడు. పార పట్టుకుని గుట్ట మీద దొరికేవాడు కొన్నవాడు, అతని కూలీలు.

సొంత పట్టా భూమి మాటేమిటి అని కొందరు అడుగుతారు. 2013 జూలైలో సుప్రీంకోర్టు, కేరళ నుండి వచ్చిన ఒక కేసులో, చట్టబద్ధంగా తొలగించబడితే తప్ప భూమి అడుగున ఉన్న ఖనిజం మీద హక్కు భూమి యజమానికే చెందుతుందని చెప్పింది. ఇది రైతుకు విలువైన తీర్పు. అయినప్పటికీ తవ్వడానికి లైసెన్సు అవసరం లేదని దీని అర్థం కాదు. సర్కారీ భూమి విషయంలోనైతే అమ్మేవాడికి ఈ తీర్పు వల్ల ఒరిగేది ఏమీ లేదు, ఎందుకంటే ఆ భూమి అతనిది కాదు. అసైన్డ్ భూమిని, అనగా మనం లావుణి పట్టా అనేదానిని, అమ్మడం 1977 చట్టం నిషేధించింది. ఇక 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం చట్టవిరుద్ధమైన ఉద్దేశం గల ఒప్పందాన్ని చెల్లనిదిగా ప్రకటించింది. అటువంటి పత్రాన్ని పట్టుకుని కోర్టుకు పోయి "నాకు గని ఇప్పించండి" అని అడగడానికి వీలుండదు.

నిజమైన హక్కు ఉన్నవారికి కూడా కాలం ఎంత పడుతుందో జొన్నగిరి చూపుతుంది. అక్కడ ఒక కంపెనీకి 2013లో మైనింగు లీజు లభించింది. పదేళ్ళు గడిచి 2023 వచ్చినా ఆ గని ప్రయోగ దశ దాటి పూర్తిస్థాయి ఉత్పత్తికి చేరలేదు. యంత్రాలు, పెట్టుబడి, భూగర్భ నిపుణులు ఉన్న సంస్థ స్థితే ఇది.

కొనేముందు అడగవలసినవి

ఎవరైనా ఇటువంటి హక్కును అమ్మజూపితే ఈ క్రింది విషయాలు విచారించాలి.

ఒకటి, అనుమతి పత్రం ఏ ఖనిజానికి ఇవ్వబడింది? కంకర, గ్రానైటు, మట్టి వంటి చిన్నతరహా ఖనిజాల క్వారీ పత్రాన్ని చూపి బంగారు హక్కు అని నమ్మించవచ్చు. క్వారీ పత్రం బంగారానికి చెల్లదు.

రెండు, ఆ హక్కు ఏ వేలంలో, ఏ బ్లాకుకు, ఎవరి పేర వచ్చింది? ఈ వివరాలను రాష్ట్ర గనులు, భూగర్భ శాఖ వద్ద సరిచూడాలి.

మూడు, అక్కడ బంగారం ఉన్నదని ఎవరు చెప్పారు? భారత భూగర్భ సర్వే సంస్థ కార్యాలయం మన నగరంలోనే బండ్లగూడలో ఉన్నది. అది అచ్చువేసిన పటాలలో ఏ గుట్ట ఏ శిల అన్నది కనబడుతుంది. అమ్మేవాడు తన సంచీలో నుండి తీసిన రాయి ఏ గుట్టదో రాయి చెప్పదు.

నాలుగు, భూమి సర్వే నంబరు రెవెన్యూ రికార్డులో ఏ పద్దులో ఉన్నది? సర్కారీ అని ఉంటే, అమ్మకందారుకు సంబంధం ఏమిటో అతడే ఋజువు చేయాలి.

అయిదు, అంత లాభం ఉన్న హక్కును అతడు తెలియని మనిషికి చవకగా ఎందుకు ఇస్తున్నాడు?

ముగింపు

బంగారం కోసం మట్టిని వెతికే ప్రతి మనిషీ దురాశాపరుడని దీని భావం కాదు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలలో పేదలు పిల్లాపాపలతో వచ్చి వజ్రం కోసం నేల వెతుకుతారు. కంసాలి వీధులలో రాలిన ధూళిని ఊడ్చి, కడిగి, రవ్వంత బంగారం తీసే నియారియాలు తరతరాలుగా ఆ పనితోనే బ్రతికారు. వారు పెట్టుబడిగా పెట్టేది తమ శ్రమ. దొరకకపోతే ఒక రోజు కూలి పోతుంది. కాగితపు హక్కు కొన్నవాడు పెట్టేది పిల్ల పెళ్ళికి దాచిన సొమ్ము, ఇంటికోసం దాచిన సొమ్ము.

మావర్దీ పేర్కొన్న రెండవ అభిప్రాయానికే మన నేటి చట్టం ఎక్కువ దగ్గరగా ఉన్నది. గని హక్కు పని చేయడానికి ప్రజల తరపున ఇచ్చే అనుమతి. ప్రభుత్వ ఆమోదం లేకుండా అది చేతులు మారదు. కావున సర్కారీ గుట్ట మీద బంగారు ముక్క అమ్ముతామని వచ్చినవారితో ధర గురించి మాట్లాడే ముందు పత్రం అడగాలి. పత్రం చూపితే దాని నకలు తీసుకుని గనుల శాఖకు వెళ్ళి విచారించేవరకు ఒక్క రూపాయి కూడా బయానాగా ఇవ్వరాదు.